స్టూడియో షట్టర్ దించేసినా, 52 ఏళ్ళకి ఇప్పుడు ఏం నేర్చుకునేది?

డార్క్‌రూమ్ అన్న · ఆదివారం రాత్రి 10:52

అందరికీ నమస్కారం. నేను ఇక్కడ చదివి పోతా ఉంటానే గానీ రాసింది తక్కువ. మొన్న శుక్రవారం స్టూడియో షట్టర్ దించేసినా. తిరుపతి గాంధీ రోడ్డు పక్క సందులో, 1996 నుంచి. ఓనర్ని ఏమీ అనేది లేదు, మొబైల్ షాపోళ్ళు డబల్ బాడిగ ఇస్తామంటే ఎవరైనా అదే చేస్తారు.

నేను మారనని మొండికేసే రకం కాదు, అది ముందే చెప్పేస్తా. 16 ఏళ్ళకి హెల్పర్‌గా చేరినప్పుడు బ్లాక్ అండ్ వైట్, ఎర్ర బల్బు కింద డెవలపర్ ట్రేలో పేపర్ వేసి మెల్లిగా ఊపుతా ఉంటే ముందు కండ్లు తేలేవి, తర్వాత మీసం, ఆఖర్న మొహం, కొండ దిగొచ్చినోళ్ళ గుండు మాత్రం గంధం పూసినందుకు తెల్లగా ఉండిపోయేది, దానికి ఎన్‌లార్జర్ కింద ఇంకో నాలుగు సెకండ్లు ఎక్కువ లైటు కొట్టాల. నెగటివ్ మీద సన్న పెన్సిల్‌తో మొటిమలు కనపడకుండా చేసే టచింగ్ పని ఆరు నెలలు నేర్చుకున్నా. అది చేతికొచ్చేసరికి కలర్ వచ్చింది, లైటింగ్ అంతా మళ్ళీ మొదట్నుంచి. కలర్ చేతికొచ్చేసరికి డిజిటల్. 32 ఏళ్ళప్పుడు నాకంటే పదేళ్ళు చిన్న పిల్లోడి పక్కన కూర్చోని ఫోటోషాప్ నేర్చుకున్నా, నేను మౌసు పట్టుకున్న తీరు చూసి వాడు నవ్వినాడు. తర్వాత ఆల్బమ్ డిజైనింగు, వీడియో మిక్సింగు. 2020 మార్చిలో కొండ మీద దర్శనాలు ఆగిపోయి మళ్ళీ జూన్‌లో తెరిచేదాకా షాపులోకి బల్లి తప్ప ఎవరూ రాలేదు. తెరిచినాక జనం వచ్చినారు, ఫోటోకి రాలేదు. అందరి చేతిలో ఫోనే కదా.

అడిగేది ఒకటే. ఇన్ని సార్లు మారినా, మారింది మాత్రం ఒకే పనిలోపల. ఇప్పుడు ఆ పనే లేదు. పాప రెస్ట్ తీసుకో నాయనా అంటాది, దాని పెళ్ళికి చేసిన అప్పు ఇంకా ఉండాది, ఏం రెస్టు. ఒకాయన అపార్ట్‌మెంట్‌లో వాచ్‌మన్‌గా రమ్మన్నాడు. చేరేదా, లేకుంటే ఈ వయసులో పూర్తిగా వేరేది ఏదన్నా నేర్చుకునేదా? చేసినోళ్ళు ఉంటే చెప్పండి. చెయ్యనోళ్ళు కూడా చెప్పండి, పర్లేదు.

---

పలమనేరు పిల్లోడు · ఆదివారం రాత్రి 11:15

అన్నా ఏజ్ ఈజ్ జస్ట్ ఎ నంబర్ అన్నా!! మైండ్‌సెట్ ముఖ్యం. నేను బెంగళూరులో సాఫ్ట్‌వేర్, 27 ఏళ్ళకే మూడు సార్లు మారినా, మెకానికల్ చదివి టెస్టింగ్‌లో చేరి ఇప్పుడు డేటా సైడు. పొద్దున 5కి లేవాల, గోల్స్ పేపర్ మీద రాసుకోవాల, నెగటివ్‌గా మాట్లాడే వాళ్ళని దూరం పెట్టాల, ఏ పనైనా 21 రోజులు ఆపకుండా చేస్తే అలవాటైపోతాది, ఇది సైన్స్ చెప్పింది. నువ్వు యూట్యూబ్ చానల్ పెట్టు అన్నా, ఫోటోగ్రఫీ టిప్స్ చెప్పు. సిక్స్ మంత్స్‌లో చూడు.

---

రైట్ రైట్ మామ · సోమవారం ఉదయం 4:05

పిల్లోడా, నెగటివ్ వాళ్ళని దూరం పెట్టాలంటే ఈయప్ప ఎట్ల బతికింది, 20 ఏళ్ళు ఆయన చేతిలో ఉండింది నెగటివే కదా.

డార్క్‌రూమ్ అన్నకి నా మాట. నేను ఆర్టీసీలో కండక్టర్‌గా 33 ఏళ్ళు చేసి రిటైర్ అయినా. టైము చూడండి, 4 గంటలు. డ్యూటీ లేదు, బస్సు లేదు, అయినా మొదటి బస్సుకి లేచిన ఒళ్ళు ఇప్పుటికీ లేస్తాది. కొత్త మనిషి కావడం అనేది అంత సులువు కాదు అని చెప్పేదానికి రాస్తా ఉండా.

మన ఊరోళ్ళకి వేషం మార్చడం ఒకరు నేర్పాలా? నేను 20 ఏళ్ళ నుంచి తాతయ్యగుంట గంగమ్మ జాతరలో వేషం కడతా ఉండా. బైరాగి వేషం రోజు ఒళ్ళంతా నామంకొమ్ము, బండ వేషం రోజు కుంకం పూసుకోని బూతులు, తోటి వేషం రోజు బొగ్గుమసి, దొర వేషం రోజు చందనం, మాతంగి రోజు చీర కట్టి జడేసుకునేది. ఏ రోజు వేషం ఆ రోజు కడిగేసేదే, ఇంటికి పోతే ఆ వేపచెట్టు కింద మంచం, ఆ కరెంటు బిల్లు. అయితే ఒకటి గుర్తు పెట్టుకో. గంగమ్మ తల్లి ఊరికే వేషాలు మార్చలా. ఆడోళ్ళని చెరిచే పాలెగాడు దాక్కోనుంటే వాణ్ణి బయటికి లాగేదానికి మార్చింది. దొర వేషంలో దొరికినాడు వాడు. కాబట్టి ఏం నేర్చుకునేది అని తర్వాత అడుగు. నీ పాలెగాడు ఎవరో ముందు చెప్పు.

---

డార్క్‌రూమ్ అన్న · సోమవారం ఉదయం 7:30

మామా, బాడిగ. బైరాగిపట్టెడలో ఇంటి బాడిగ 9 వేలు. ఆ పైన అప్పు వడ్డీ. ఇంకెవరూ లేరు.

---

రైట్ రైట్ మామ · సోమవారం ఉదయం 7:41

సరే. అయితే నెలకి 15 వేలు వచ్చే మాట మాట్లాడండి అందరూ. యూట్యూబ్ అంట.

---

క్లాస్ మేడమ్ · సోమవారం మధ్యాహ్నం 1:20

నేను డిగ్రీ కాలేజీలో సైకాలజీ చెప్తాను. బాడిగ విషయంలో నా దగ్గర సలహా లేదు, కానీ ఆ 21 రోజుల మాట ఎప్పుడు విన్నా నాకు చెయ్యి ఊరుకోదు.

ఆ అంకె మాక్స్‌వెల్ మాల్ట్జ్ అనే అమెరికన్ ప్లాస్టిక్ సర్జన్ దగ్గర్నుంచి వచ్చింది, 1960లో రాశాడు. ఆయన చూసింది ఏంటంటే ముక్కో మొహమో ఆపరేషన్ చేయించుకున్నవాళ్ళు అద్దంలో కొత్త మొహానికి అలవాటు పడటానికి కనీసం ఒక 21 రోజులు పడుతోందని. ఆ కనీసం అనే ముక్క దారిలో ఎక్కడో జారిపోయింది. తర్వాత లండన్ యూనివర్సిటీ కాలేజీలో ఫిలిప్పా లాలీ బృందం 96 మందితో నిజంగా లెక్క తీసింది. భోజనంతో పాటు ఒక పండు తినడం లాంటి చిన్న అలవాటు తనంతట తాను జరిగిపోయే స్థితికి రావడానికి సగటున 66 రోజులు. మనిషిని బట్టి 18 రోజుల నుంచి 254 రోజుల దాకా తేడా. పండు తినడానికే ఇంత అయితే వృత్తి మారడానికి ఎంతో మీరే ఆలోచించుకోండి. మూడో వారం కష్టంగా ఉంటే నాలో లోపం ఉందేమో అనుకోవద్దని చెప్పడానికే ఇదంతా.

---

పలమనేరు పిల్లోడు · సోమవారం మధ్యాహ్నం 1:34

మేడమ్ 254 రోజులా 😐 నేను 12వ రోజు మీద ఉండా

---

గాజులక్క · సోమవారం రాత్రి 9:10

పిల్లలు పడుకున్నాక రాస్తా ఉండా, తప్పులుంటే సర్దుకోండి. మాది చిత్తూరు. కాణిపాకం గుడి దగ్గర గాజులు అమ్మేదాన్ని, మా అత్త అమ్మింది, తర్వాత నేను. ఆరో తరగతి మధ్యలో ఆపేసినారు. 41 ఏళ్ళకి ఓపెన్ స్కూల్లో టెన్త్ కట్టినా. ఎందుకు కట్టినా అంటే పెద్ద కారణం ఏమీ లేదు, హోల్‌సేల్ బిల్లులో మోసం చేస్తా ఉన్నారని అనుమానం, బిల్లు ఇంగ్లీషులో ఉండేది.

లెక్కలు నాకు కష్టం కాలేదు, డజన్లు గ్రోసులు నోట్లోనే ఉంటాయి. ఇంగ్లీషు మూడో సారికి పాసయినా. అంబేడ్కర్ ఓపెన్ యూనివర్సిటీలో ఇంటర్ లేకపోయినా ఎలిజిబిలిటీ టెస్టు రాసి డిగ్రీలో చేరొచ్చని మా కస్టమర్ ఒకామె చెప్పింది, అది 1982లో పెట్టింది అంట, దేశంలోనే మొదటి ఓపెన్ యూనివర్సిటీ, నేను పుట్టింది 1966, అంటే నాకు 16 ఏళ్ళప్పటి నుంచి అది ఉండాది, నాకు తెలిసింది 43కి. డిగ్రీకి అయిదేళ్ళు పట్టింది.

చెప్పాల్సింది వేరే ఉండాది. ముందు నా సంతకం అంటే పేరు ముక్కలు ముక్కలుగా, ఒక్కో అక్షరం గాజు పేర్చినట్టు పేర్చేదాన్ని, బ్యాంకులో అదే ఇచ్చినా. చదువుకునేసరికి రాసి రాసి చేతిరాత మారిపోయింది, నాకే తెలీలేదు. ఒకరోజు చెక్కు ఇస్తే సంతకం మ్యాచ్ కాలేదని వెనక్కి పంపినారు. నేను పోయి అది నాదే సార్ అంటే, పాత కార్డు తీసి చూపించి ఇట్ల పెట్టండి అన్నాడు. ఎంత ట్రై చేసినా ఆ పాత సంతకం రాలేదు అన్నా. నాలుగు కాయితాలు పాడు చేసినా. నా సంతకాన్ని నేనే ఫోర్జరీ చెయ్యలేకపోయినా అని ఇంటికొచ్చి నవ్వినా, నవ్వుతా నవ్వుతా ఏడుపొచ్చింది ఎందుకో తెలీదు.

ఇప్పుడు మనవళ్ళని చూసుకుంటా సాయంత్రం పక్కింటి పిల్లలకి ట్యూషన్ చెప్తా. గాజులు మానలేదు, పండగలకి అమ్ముతా. హోల్‌సేల్ ఆయన మోసం చేసింది నిజమే, గ్రోసుకి ఒక డజను.

---

రైట్ రైట్ మామ · మంగళవారం ఉదయం 4:12

అమ్మా గాజులక్కా, పొద్దున్నే బాగా చదివించినావు. గ్రోసుకి డజనా? దొంగనాకొడుకు.

---

మోడరేటర్ · మంగళవారం ఉదయం 10:00

ఇంట్లో కూర్చోని రోజుకి మూడు వేలు అని పెట్టిన రెండు పోస్టులు తీసేశాను. కష్టంలో ఉన్నోళ్ళ చర్చలోకి వచ్చి అలాంటివి పెట్టేవాళ్ళని నేరుగా బ్యాన్ చేస్తాను. మామ గారూ మీ భాష కూడా కొంచెం.

---

తోతాపురి రైతు · మంగళవారం రాత్రి 8:45

బంగారుపాళ్యం పక్క మాది, ఏడెకరాలు మామిడి. నాకు 58. అన్న అడిగిన దానికి నాకు తెలిసింది చెట్టు సంగతే.

2025 సీజన్ అందరికీ గుర్తుంటాది. తోతాపురి కిలోకి 12 అన్నారు, అందులో గుజ్జు ఫ్యాక్టరీలు 8, గవర్నమెంటు 4. ఫ్యాక్టరీ గేటు ముందర ట్రాక్టర్ల లైను, నేను ట్రాక్టర్ కిందే పడుకున్నా, కాయలు పైన మగ్గి కారతా ఉంటే ఈగలు. ఆ రాత్రి అనుకున్నా ఈ చెట్లు కొట్టేసి యూకలిప్టస్ పెట్టేస్తా అని. మా నాయన పెట్టిన చెట్లు, 35 ఏళ్ళవి.

హార్టికల్చర్ ఆఫీసరు ఒకాయన కొట్టద్దు, టాప్ వర్కింగ్ చెయ్యి అన్నాడు. అంటే ముదురు చెట్టుని రొమ్మెత్తున కోసేస్తారు, మోడు మిగలతాది. కోసిన చోట మందు పూస్తారు. కొన్నాళ్ళకి కొత్త చిగుర్లు గుంపుగా వస్తాయి, అన్నీ ఉంచకూడదు, నాలుగైదు మంచివి పెట్టుకోని మిగతావి తీసేసి వాటికి వేరే రకం కొమ్మ అంటు కట్టేది. వేరు పాతదే కాబట్టి కొత్త మొక్క కంటే ముందే కాపుకొస్తాది. నేను మొత్తం తోట చెయ్యలా, భయం, ఒక ఎకరా చేసినా. మిగతా ఆరెకరాలు తోతాపురే, ఈ మధ్యలో తినాల కదా.

మోడు అయిన చెట్లని చూసి మా అవ్వ రెండు రోజులు నాతో మాట్లాడలేదు. 40 చెట్లలో 6 చచ్చిపోయినాయి కూడా, అది ఎవరూ చెప్పరు. చెప్తా ఉండా.

---

క్లాస్ మేడమ్ · మంగళవారం రాత్రి 9:30

రైతు గారూ, ఒక ఎకరా చేసి ఆరెకరాలు ఉంచుకోవడం అన్నారే, ఇంతసేపటికి వచ్చిన సలహాల్లో అదే పనికొచ్చేది. డార్క్‌రూమ్ అన్న గారు కూడా ముహూర్తాల రోజుల్లో పెళ్ళి షూట్లు వదలకుండా మిగతా రోజులు నేర్చుకోవచ్చు కదా.

ఇంకో సంగతి. మా సబ్జెక్టులో జీవితాన్ని ఎనిమిది దశలుగా చెప్పిన ఎరిక్ ఎరిక్సన్ ఉన్నాడు. నడివయసులో మనిషికి వచ్చే ప్రశ్న ఏంటంటే నేను తర్వాతి వాళ్ళకి ఏమైనా ఇస్తున్నానా లేక ఉన్నచోటే నిలిచిపోయానా అని. నాకు ఆ సిద్ధాంతం కంటే ఆయన కథ ఇష్టం. పుట్టింది 1902లో ఫ్రాంక్‌ఫర్ట్‌లో, కన్నతండ్రి ఎవరో ఆయనకి తెలియనే లేదు, మారుతండ్రి ఇంటిపేరు హోంబర్గర్ అని పెరిగాడు. మొదట బొమ్మలు గీసుకుంటూ తిరిగాడు, యూనివర్సిటీ డిగ్రీ లేదు. 1939లో అమెరికా పౌరసత్వం వచ్చినప్పుడు ఎరిక్సన్ అని తనే పేరు పెట్టుకున్నాడు. ఎరిక్ కొడుకు ఎరిక్ అన్నమాట, తనకి తనే కొడుకు. ఇది పాఠంలో చెప్పినప్పుడు మాత్రం వెనక బెంచీలు కూడా తలెత్తుతాయి.

---

రైట్ రైట్ మామ · బుధవారం ఉదయం 4:20

మేడమ్ మీ మీద గౌరవం ఉండాది గానీ ఒకటి ఒప్పుకోను. అన్నిటికీ ఎదుగుదల అని పేరు పెట్టద్దండి. ఆ ఎరిక్సన్ సామి బొమ్మలు వదిలేసి ఇంకోటి ఇష్టంగా పట్టుకున్నాడు. ఈ అన్న స్టూడియో ఇష్టంగా మూసినాడా? రైతన్న చెట్టు ఇష్టంగా నరికినాడా? నా భార్యకి మోకాళ్ళ ఆపరేషన్ అయినాక నేను సంగటి కెలకడం నేర్చుకున్నా, 61 ఏళ్ళకి. మొదట వారం రోజులు ముద్దలో ఉండలు, మధ్యలో పచ్చి పిండి. ఆమె మంచం మీద నుంచి అరస్తాది, నూక ఉడికినాక పిండి వేసి కదపద్దు, అట్లే మూత పెట్టు, తర్వాత సంగటి కట్టితో తొక్కిపెట్టి కెలుకు అని. ఇప్పుడు బాగా వస్తాది, ఊరిబిండి కూడా నూరతా. దాన్ని చూసి మా అల్లుడు మామా మీరు ఎంత మారిపోయినారు, గ్రేట్ అంటాడు. ఏంది గ్రేటు? ఆమె లేస్తే నాకు సంతోషం, సంగటి వచ్చినందుకు కాదు. పోగొట్టుకున్న దాన్ని పోగొట్టుకున్నట్టు చెప్పుకోనీండి మనిషిని కొన్నాళ్ళు.

---

క్లాస్ మేడమ్ · బుధవారం ఉదయం 8:15

మామ గారూ, ఒప్పుకుంటున్నా. నేను క్లాసులో చెప్పినట్టు చెప్పేశాను. అన్నగారూ, స్టూడియో పోయినందుకు నిజంగా బాధగా ఉంది. అది మొదటే అనాల్సింది, ఇంతమందిమి ఎవరం అనలేదు.

---

డార్క్‌రూమ్ అన్న · బుధవారం ఉదయం 8:50

థ్యాంక్స్ మేడమ్. షట్టర్ దించేటప్పుడు గొళ్ళెం సరిగా పడలా, రోజూ పడేది, ఆ రోజు పడలా. అంతే. ఇంక అది వద్దులే.

---

కాళాస్తి కలం · బుధవారం మధ్యాహ్నం 3:05

నేను రెండు రోజుల నుంచి చదువుతా ఉండా, రాయాలా వద్దా అనుకుంటా. నాకు 46. ఒక ప్రైవేటు స్కూల్లో 15 ఏళ్ళు హిందీ టీచర్. 2020లో స్కూళ్ళు మూతపడినాక జీతం సగం అన్నారు, తర్వాత అదీ లేదు, తర్వాత ఫోన్ ఎత్తలేదు. అప్పుడు 41కి కలంకారి నేర్చుకున్నా, మా వీధిలోనే వేసేవాళ్ళు ఉంటే అన్నేళ్ళు పక్క నుంచి నడిచిపోయినా ఒక్కసారి లోపలికి తొంగి చూడలేదు.

అన్నా నువ్వు డెవలపర్ ట్రే గురించి రాసింది చదివి ఇది రాస్తా ఉండా. మాది కూడా అదే పని మాదిరే ఉంటాది. గాడా గుడ్డని కరక్కాయ పొడి, ఎనుము పాలు కలిపి నానబెడతాం, పాలు లేకుంటే రంగు పాకిపోతాది. ఎండినాక చింతపుల్ల బొగ్గుతో గీత, దాని మీద కసిమితో గీత. కసిమి అంటే కుండలో బెల్లం నీళ్ళు, తుప్పు పట్టిన ఇనుప ముక్కలు వేసి మూడు వారాలు పులియబెట్టేది, వాసన అబ్బా, మొదట్లో నేను కొంగు ముక్కుకి కట్టుకునేదాన్ని. ఆ నీళ్ళు చూస్తే నల్లగా ఉండవు అన్నా. కరక్కాయ పట్టిన గుడ్డ మీద పడగానే నల్లబడతాది. తర్వాత ఎరుపు కావాల్సిన చోట పటిక నీళ్ళు పూస్తాం, అది పూసినట్టు పెద్దగా కనపడనే కనపడదు. ఆరినాక స్వర్ణముఖిలో నీళ్ళుంటే అక్కడ, లేకుంటే తొట్టిలో జాడించి, ఎర్ర రంగు కాగులో వేసి ఉడికిస్తే పటిక ఉన్న చోట మాత్రమే ఎరుపు నిలబడతాది. కట్టెతో తిప్పతా ఉంటే చెయ్యి తేలతాది, చీర అంచు తేలతాది.

ఇప్పుడు చేదు మాట. డబ్బు తక్కువ. కాళాస్తి కలంకారికి 2005లోనే జీఐ గుర్తింపు, అంటే ఇది ఈ ఊరి సరుకే అనే గవర్నమెంటు గుర్తు, వచ్చింది, అయినా స్క్రీన్ ప్రింట్ కొట్టి కలంకారి అని అమ్మేవాళ్ళే ఎక్కువ, కొనేవాళ్ళకి తేడా తెలీదు. కూలికి గీస్తే మొదటి ఏడాది నెలకి 4 వేలు కూడా కళ్ళ చూళ్ళేదు నేను. ఇప్పుడు 12, 13 వస్తా ఉండాది, అది కూడా నేను చుట్టుపక్కల ఆడోళ్ళతో కలిసి నేరుగా అమ్మతాం కాబట్టి. మా దగ్గర వస్తువులకి ఫోటోలు తీసేవాళ్ళు లేరు. ఫోన్‌లో తీస్తే ఎరుపు ఒకటే రకంగా రాదు, చీర చూసి ఒక రంగు అనుకోని కొని తిప్పి పంపేస్తారు. నెలకి ఎనిమిది పదైనా అట్ల వెనక్కొస్తాయి.

నేను ఊరికే చెప్తా ఉండా. నీకే తెలుస్తాది.

---

పలమనేరు పిల్లోడు · బుధవారం మధ్యాహ్నం 3:20

అక్కా మూడు వారాలంటే 21 రోజులే కదా!! మొత్తానికి 21 రోజుల్లో మారేది కసిమి ఒక్కటే అన్నమాట

---

రైట్ రైట్ మామ · బుధవారం మధ్యాహ్నం 3:26

పిల్లోడు దారికొస్తా ఉండాడు.

---

గాజులక్క · బుధవారం రాత్రి 9:40

కొండ మీద అన్నదానంలో అందరం తింటాం కదా, తరిగొండ వెంగమాంబ అన్నప్రసాద కేంద్రం అని పెద్ద బోర్డు. నేను 20 సార్లు తిన్నాక గానీ ఆమె ఎవరా అని అడగలేదు. మన పక్క తరిగొండ ఊరి పిల్ల. చిన్న వయసులో మొగుడు పోతే గుండు చేయించుకోను, బొట్టు తియ్యను అనింది అంట, 250 ఏళ్ళ కిందట. ఊళ్ళో ఉండనియ్యలేదు, కొండకి పోయింది, రాసుకుంటా పాడుకుంటా అక్కడే ఉండిపోయింది, 1817 దాకా బతికింది. ఇప్పటికీ రాత్రి ఏకాంత సేవలో ఆమె పేరు మీద ముత్యాల హారతి ఇస్తారు. జనం గుండు చేయించుకునేదానికి పోయే కొండ మీద, గుండు వద్దన్న ఆమె పేరు మీద అన్నం. నాకు ఇది ఎప్పుడు తలుచుకున్నా భలే అనిపిస్తాది.

---

పలమనేరు పిల్లోడు · గురువారం రాత్రి 1:50

ఎవరూ మేలుకోని ఉండరని ఇప్పుడు రాస్తా ఉండా. నన్ను పోయిన నెల తీసేసినారు. కంపెనీ పేరు వద్దు. ఇంట్లో చెప్పలేదు. డార్క్‌రూమ్ అన్నకి రాసిన టిప్స్ అన్నీ నా గోడ మీద నేను అంటించుకున్నవే. 5కి లేస్తా, లేచి ఏం చెయ్యాలో తెలీదు. రూమ్మేట్ ఆఫీసుకి పొయ్యేదాకా రెడీ అయినట్టు నటిస్తా.

---

రైట్ రైట్ మామ · గురువారం ఉదయం 3:58

నేను మేలుకోనే ఉండా. రేయ్, ముందు ఇంటికి ఫోన్ చెయ్. ఈ పొద్దే. టిప్స్ చింపెయ్, అయిదింటికి లేవడం మాత్రం మానద్దు, ఇక్కడొచ్చి నాతో మాట్లాడు.

---

డార్క్‌రూమ్ అన్న · గురువారం ఉదయం 6:30

అబ్బోడా, మామ చెప్పినట్టు చెయ్. మీ నాయన అరిస్తే అరవనీ. పాప పెళ్ళి అప్పు సంగతి నేను మా ఇంట్లో ఎనిమిది నెలలు దాచినా, చెప్పిన రోజు మా ఆమె అనింది, ఇందుకా నువ్వు చారు తినకుండా లేస్తా ఉండింది అని. వాళ్ళకి సగం తెలిసే ఉంటాది.

---

పలమనేరు పిల్లోడు · గురువారం రాత్రి 8:02

చేసినా. అమ్మ ఏడిచింది. నాయన బస్సెక్కి రా అన్నాడు. అంతే, ఇంకేం అడగలేదు. రేపు వస్తా ఉండా.

---

డార్క్‌రూమ్ అన్న · రెండు నెలల తర్వాత, ఆదివారం సాయంత్రం 6:15

ఎవరన్నా ఇంకా ఈ చర్చ చూస్తా ఉంటే. వాచ్‌మన్ పనికి పోలా. అట్లని కలంకారి మాస్టర్ని కూడా కాలా, ఎక్కువ ఊహించుకోవద్దండి.

కాళాస్తి అక్క దగ్గరికి మొదట ఫోటోలు తీసేదానికే పోయినా. ఆమె చెప్పిన ఎరుపు సంగతి నిజమే, ఫోన్ దానంతటది రంగు మార్చేస్తాది. నేను పాత గ్రే కార్డు తీసుకుపోయినా, స్టూడియో సామాన్లలో అది ఒక్కటి ఎందుకో అమ్మలా. ఉత్తరం పక్క కిటికీ వెలుతురులో గుడ్డ పరిచి కార్డు పక్కన పెట్టి వైట్ బ్యాలెన్స్ సెట్ చేసి తీస్తే రంగు సరిగ్గా కూర్చునింది. పోయిన నెల తిప్పి పంపినవి రెండే అంట. వారానికి మూడు రోజులు పోతా ఉండా, రేణిగుంట మీద బస్సు. ఇంకో ఇద్దరు ముగ్గురు కూడా తియ్యమని అడిగినారు. రెండు పెళ్ళిళ్ళు కూడా వచ్చినాయి, అన్నీ కలిపి పోయిన నెల 14 వేలు. మామా, పాలెగాడు ఇంకా పూర్తిగా చావలేదు, వడ్డీ కట్టినా, అసలు అట్లే ఉండాది.

ఖాళీ దొరికినప్పుడు కలం పట్టిస్తా ఉండారు. వెదురుపుల్లకి ఉన్నిగుడ్డ చుట్టి దారం కట్టి ఉంటాది, దాన్ని ఎంత నొక్కితే అంత రంగు దిగతాది, నాకు ఒక్కసారిగా కారిపోతాది. నేర్పించే పాపకి 24 ఏళ్ళు. నెమలి గీయమంటే నాది కోడి మాదిరి వచ్చింది, ఆ పాప ఏమీ అనలేదు, నవ్వు ఆపుకోని బయటికి పోయింది. ఫోటోషాప్ నేర్పిన పిల్లోడు గుర్తొచ్చినాడు.

మొన్న కాగులో నన్ను తిప్పమన్నారు. నేను నాకు తెలీకుండానే కట్టెతో తిప్పకుండా ఇట్ల మెల్లిగా ఒక వైపు నుంచి ఒక వైపుకి ఊపతా ఉండా, ట్రే ఊపినట్టు. అక్క చూసి ఎవరు నేర్పినారు ఇట్ల అనింది. ఊపితే ఏమవుతాదో చూద్దాం ఆగండి అన్నా. ముందు కండ్లే ఎర్రబడతాయని చూస్తా ఉండా, అలవాటు కొద్దీ. కండ్లు రాలేదు. వాటికి పటిక పుయ్యలేదంట.

ఇప్పుడు రాసింది వేరే పనికి. స్టూడియో బోర్డు ఇంకా పైనే ఉండాది, మొబైల్ షాపోళ్ళు సోమవారం లోపల దించుకోమన్నారు. రేకు బోర్డు, ఎనిమిది అడుగులు. తిరుపతిలో ఎవరి దగ్గరన్నా నిచ్చెన ఉంటే చెప్పండి.

---

రైట్ రైట్ మామ · ఆదివారం సాయంత్రం 6:22

నా దగ్గర ఉండాది, జాతరకి తోరణాలు కట్టను కొన్నది. కొర్లగుంటకి పొద్దున్నే రా. 4కి అయినా పర్లేదు.

---

పలమనేరు పిల్లోడు · ఆదివారం సాయంత్రం 6:40

అన్నా రేపు నేను తిరుపతిలోనే ఉంటా, ఇంటర్వ్యూ 11కి. రేకు బోర్డు ఒకరితో దిగదు, నేను ఒక పక్క పట్టుకుంటా.